నెగెటివ్ ఎవరి దగ్గరుంది?

బాల్కొండ బస్టాండు ఎదురుగా మా చిన్నప్పుడు ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఇప్పుడక్కడ మొబైల్ షాపు. 1993 ఎండాకాలంలో, నాకు నాలుగేళ్లప్పుడు, అమ్మ నన్ను అక్కడికి తీసుకుపోయింది. బాపు దుబాయ్ పోయి అప్పటికి మూడేళ్లు. ఆయన పోయేటప్పటికి నాకింకా నడక కూడా సరిగా రాలేదట. కొడుకు ఎంతవాడయ్యాడో ఆయనకు చూపించడానికి ఆ ఫోటో. వెనక తెర మీద ఒక చెరువు, రెండు హంసలు, మెట్లున్న మేడ. మొహం నిండా పౌడరు, బుగ్గ మీద కాటుకతో దిష్టి చుక్క. ఫోటోలో మచ్చలా పడుతుంది, తుడిచేస్తానన్నాడు స్టూడియో ఆయన. అమ్మ ఒప్పుకోలేదు. రెండు కాపీలు తీయించింది. ఒకటి ఉత్తరంలో పెట్టి దుబాయ్‌కి, ఒకటి ఇంట్లో గోడకి.

నెల తర్వాత ఆర్మూర్ బస్సు కోసం నిలబడ్డప్పుడు చూసింది. స్టూడియో ముందరి అద్దాల పెట్టెలో, ఎవరిదో పెళ్లి ఫోటోకీ ఒక లీడరు ఫోటోకీ నడుమ, పెద్ద సైజులో నేను. నాకైతే ఆనందానికి అంతులేదు. అమ్మ మాత్రం బస్సు వదిలేసి లోపలికి పోయింది. "వాళ్ల బాపు చూడాల్నని తీయించిన. బస్సెక్కేటోళ్లంత చూడాల్నని కాదు. తియ్యి." పిల్లగాడు ముద్దుగున్నడు గదా చెల్లె, నాలుగు గిరాకీలొస్తయని పెట్టిన, అన్నాడతను నవ్వుతూ. తీశాడు. అమ్మ కదల్లేదు. "గా నెగెటివ్ గూడ ఇయ్యి." అదొక్కటి అతను అనుకోలేదు. నెగెటివ్ స్టూడియోవాడి సొత్తు, మళ్లీ కాపీ కావాలంటే అతని దగ్గరికే రావాలి. కాసేపు గునిసి, డబ్బాలన్నీ వెతికి, చివరికి చిన్న కాగితపు కవరులో వేసి ఇచ్చాడు.

ఇది మా ఇంట్లో అమ్మ మొండితనానికి ఉదాహరణగా చెప్పుకునే కథ. నేనూ అలాగే చెప్పేవాణ్ణి, పోయినేడు అక్కతో గొడవ పడేదాకా.

అక్క ఊళ్లోనే ఉంటుంది. బావ షార్జాలో. మేనకోడలికి ఏడేళ్లు. అక్క ఇన్‌స్టాగ్రామ్ ఎవరైనా చూడగలిగేలా తెరిచే ఉండేది. దాని నిండా పిల్లే. వానలో ఎగురుతూ, బతుకమ్మ ముందర, బడి పేరున్న బ్యాడ్జితో యూనిఫాంలో. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి, బొమ్మల్ని గుర్తుపట్టే ప్రోగ్రాముల మీద కొన్నేళ్లు పనిచేసినవాణ్ణి. ఒక ఆదివారం ఫోన్ చేసి గంటసేపు భయపెట్టాను. మామూలు ఫోటో ఒక్కటి చాలు, దాన్నుంచి ఏమైనా తయారుచేస్తారు, అన్నీ తీసెయ్ అన్నాను. తీసేసింది. ఆ రాత్రే బావ ఫోన్. కోప్పడలేదు. "నువ్వు చెప్పింది నిజమే కావొచ్చు. గని నా బిడ్డకు పాలపండ్లు ఊడిన సంగతి నాకు గా ఫోటోలల్లనే ఎర్కైంది. ఈడ రూముల ఎనిమిది మందిమి. అందరి పిల్లలను అందరం చూస్కుంటం. గవి గూడ తీసెయ్యమంటే మేమేం జూడాలె?"

నా దగ్గర జవాబు లేదు. బాల్కొండ, ఆర్మూర్, భీంగల్ వైపు ఏ వాడకు పోయినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. ఒకప్పుడు ఊరికి వచ్చిపోయేవాళ్ల చేతికిచ్చి మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు, ఉత్తరాల్లో ఫోటోలు పంపుకునేవాళ్లు. ఇక్కడ పిల్లల ఫోటో సరదా కోసం తీసేది కాదు. తండ్రికీ బిడ్డకూ మధ్య ఉండే బంధంలో సగం దాని మీదే నడుస్తుంది. "పిల్లల ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టకండి" అని ఇంగ్లీషు పత్రికల్లో వచ్చే సలహా, సాయంత్రానికి ఇంటికొచ్చే తండ్రులను చూసి రాసింది. అమ్మ చేసిన పనికీ నేను అక్కతో చేయించిన పనికీ తేడా ఏమిటో అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టాను. అమ్మ బాపుకి ఫోటో పంపడం మానలేదు. నెగెటివ్ అడిగింది, అంతే.

ఫోటోలో మొహాన్ని ఎవరు చూడాలి, పలక ఎవరి దగ్గరుండాలి అన్న తగాదా మా బస్టాండు దగ్గర మొదలైంది కాదు. మా ప్రాంతం నిజాం రాజ్యంలో ఉన్నప్పుడే, ఆ రాజ్యపు రాజధానిలోనే దానికో మంచి ఉదాహరణ ఉంది. రాజా దీన్‌దయాళ్ పేరు ఫోటోగ్రఫీ చరిత్ర చదివినవాళ్లకి తెలుసు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టినవాడు. (ఇంజనీరింగ్ చదివి వేరే పనిలో పడ్డవాళ్ల జాబితాలో మనందరికంటే సీనియర్.) ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం. చుట్టూ ఎత్తు గోడలు, లోపల మగవాళ్లకు ప్రవేశం లేదు. కెమెరా పట్టింది శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ.

ఆ ఏర్పాటును ఇవాళ్టి మా భాషలో చెప్పాలంటే పూర్తి స్థాయి ప్రైవసీ డిజైన్. తీసేది ఎవరు, చూసేది ఎవరు, కాపీలు ఎవరి చేతికి పోతాయి, ఇవన్నీ ఫోటో తీయకముందే తేల్చుకున్నారు. ఆ ఇళ్లవాళ్లకు అలా అడిగే తాహతు ఉంది కాబట్టి స్టూడియో వాళ్ల మాట విన్నది.

అదే స్టూడియో పేరుతో ఇంకో రకం ఫోటోలున్నాయి. 1899-1900 కరువులో నిజాం రాజ్యపు మరాఠ్వాడాలో, ఔరంగాబాద్‌లో తీసినవి. ఎముకలు తేలిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీసిన ఫోటోలు. వాటి కింద పేర్లు లేవు. 'బక్కచిక్కిన రకాలు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు శీర్షిక ఉంది. సహాయ పనుల రికార్డు కింద వైస్రాయ్ కర్జన్‌కి చేరిన ఆల్బమ్ అది. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీ సేకరణలో ఉంది, ఆన్‌లైన్‌లో తిరుగుతోంది. వాళ్లకు గోడల్లేవు. ఆకలితో ఉన్న మనిషిని కెమెరా ముందు కూర్చోమంటే కూర్చుంటాడు. అంబలి పోసేవాడూ లెక్క రాసుకునేవాడూ ఒకరే అయినప్పుడు ఎవరిని కాదంటాడు? ఈ మాట మళ్లీ అవసరమవుతుంది, అందుకే ఇక్కడ ఆగాను. దీన్‌దయాళ్ స్టూడియో గాజు పలకలు 2,800కి పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. నెగెటివ్ ఎక్కడుంది అన్న ప్రశ్నకి వాటి విషయంలో కనీసం చిరునామా ఉంది.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలోనూ ఈ గొడవ నడుస్తోంది. 1888లో కోడాక్ చేతి కెమెరా వచ్చింది. 1890లో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు ప్రైవసీ హక్కు మీద వ్యాసం రాసినప్పుడు, వాళ్లను కలవరపెట్టిన వాటిలో చిటికెలో ఫోటో తీసే ఈ కెమెరాలు ఒకటి. నాకు అంతకంటే ఇష్టమైన కథ అబిగైల్ రాబర్సన్‌ది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకా మైనారిటీ తీరని అమ్మాయి. ఒక పిండి మిల్లు ఆమె ఫోటోను, అడగకుండా, తన ప్రకటన మీద వేసి 25,000 పోస్టర్లు అచ్చేసింది. దుకాణాల్లో, గోదాముల్లో తన మొహమే. ఆమె కోర్టుకెళ్లింది. 1902లో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. అలాంటి హక్కేదీ చట్టంలో లేదన్నారు. జనం మండిపడ్డారు. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం చట్టం చేసింది. తమాషా ఏమిటంటే, తీర్పు రాసిన జడ్జి పార్కర్ 1904లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ, ఫోటోగ్రాఫర్లు తననూ తన కుటుంబాన్నీ వేధిస్తున్నారని వాపోయాడు. రాబర్సన్ పత్రికకి ఉత్తరం రాసి, ఆ హక్కు లేదని చెప్పింది మీరే కదా అని గుర్తు చేసింది.

ఇక్కడ మా ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. కడుపుతో ఉన్నవాళ్ల గదిలో బొద్దు పాపల పోస్టర్ అంటించడం మా వైపూ ఉంది. జాతర్లలో అమ్మేవాళ్లు. నీలి కళ్లు, బంగారు జుట్టు, బాల్కొండలో ఎవరికీ పుట్టే అవకాశం లేని పాప. పొద్దున లేస్తూనే దాని మొహం చూడాలని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆ పాప ఎవరు, ఏ దేశం, తన ఫోటో ఎండిన పసుపు కొమ్ముల వాసనొచ్చే గదిలో వేలాడుతోందని వాళ్ల అమ్మకి తెలుసా అని మేమెప్పుడూ అనుకోలేదు. మనకు తెలియని పిల్ల మొహం మనకు ఉత్త బొమ్మ. ఆ తర్వాత కంప్యూటర్ ముందు నేను చేసింది సరిగ్గా ఇదే.

2017లో నా పని మొహాల్ని పోల్చే ఒక ప్రోగ్రామును పరీక్షించడం. అప్పట్లో ఆ రంగంలో అందరూ వాడే కొలబద్దల్లో మెగాఫేస్ ఒకటి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసింది. దానికి ముడిసరుకు ఫ్లికర్‌లో జనం పెట్టుకున్న ఫోటోలు. 2014లో యాహూ విడుదల చేసిన, దాదాపు పది కోట్ల ఫోటోలు, వీడియోలున్న సేకరణ నుంచి తీసినవి. మెగాఫేస్ శిక్షణ భాగంలో 6,72,000 మంది మనుషులవి 47 లక్షల ఫోటోలు. నేను రోజంతా తప్పుల జాబితా చూసేవాణ్ణి, ఎక్కడ ప్రోగ్రాం ఒకరిని ఇంకొకరనుకుంది అని. పిల్లల దగ్గర ఎక్కువ తప్పేది. పుట్టినరోజు టోపీలు, మూతికంటిన కేకు, ఊడిన పళ్లు. "పిల్లల డేటా ఇంకా కావాలి" అని రిపోర్టులో రాశాను. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నా మనసులో అనుమానపు నీడ కూడా లేదు. 2019లో న్యూయార్క్ టైమ్స్ ఆ సేకరణలోని పిల్లల్ని, ఇప్పుడు పెద్దవాళ్లైనవాళ్లని, వెతికి పట్టుకుంది. పదేళ్లకి ముందు తల్లి పెట్టిన ఫోటో అక్కడికి చేరిందని వాళ్లలో ఎవరికీ తెలియదు. 2020లో మెగాఫేస్‌ను వెనక్కి తీసుకున్నారు. అప్పటికే దాన్ని ప్రపంచమంతా దించుకుంది, నేనూ దించుకున్నాను.

స్టూడియో పెట్టెకీ దీనికీ తేడా ఎక్కడుందంటే, ఫోటోల నుంచి నేర్చుకున్నాక మోడల్‌కి ఫోటో అక్కర్లేదు. మొహాల్ని పోల్చే మోడల్ ఒక్కో మొహాన్నీ కొన్ని వందల అంకెల వరసగా మారుస్తుంది. బొమ్మలు గీసే మోడల్ అయితే కోట్ల ఫోటోల నుంచి పిల్ల బుగ్గ ఎలా ఉంటుందో, నీడ ఎలా పడుతుందో పీల్చుకుంటుంది. ఆ మీదట అసలు ఫోటోని చెరిపేసినా నేర్చుకున్నది పోదు. వెనక్కి ఇమ్మని అడగడానికి నెగెటివే లేదు. బొమ్మలు గీసే మోడళ్లకి పునాదిగా వాడిన లాయన్-5బి అనే జాబితాలో 585 కోట్ల లింకులున్నాయి. 2024లో హ్యూమన్ రైట్స్ వాచ్ అందులో పిసరంత, 0.0001 శాతం కన్నా తక్కువ, చూస్తేనే బ్రెజిల్ పిల్లల ఫోటోలు 170 బయటపడ్డాయి. వాటిలో కొన్ని ఇంటివాళ్లు, చుట్టాలు తప్ప ఎవరూ చూడని బ్లాగుల నుంచి వచ్చినవి. అంతకుముందు 2023 డిసెంబర్‌లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే జాబితాలో పిల్లల మీద లైంగిక అత్యాచారపు చిత్రాలకు పోయే లింకులు వెయ్యికి పైగా పట్టుకున్నారు. మామూలు పిల్లల ఫోటోలూ అవీ ఒకే సంచిలో పడితే మోడల్ రెండూ కలిపి నేర్చుకుంటుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో స్పెయిన్‌లో అల్మెండ్రలెహో అనే చిన్న ఊరు 2023లో చూసింది. ఇరవైమందికి పైగా ఆడపిల్లల మామూలు ఫోటోల్ని ఒక యాప్‌లో వేసి బట్టల్లేనట్టు మార్చి పంచుకున్నారు. చేసింది ఎక్కడో ఉన్న హ్యాకర్లు కాదు, చాలావరకు వాళ్లతో చదువుకునే పిల్లలే. మరుసటి ఏడాది 15 మంది బాలురకు శిక్ష పడింది. ఖాతాకి తాళం వేయడం ఇక్కడ పెద్దగా పనికిరాదు. తాళం లోపలే ఉన్నాడు క్లాస్‌మేట్.

మన దగ్గర 2024 జులైలో తెలుగు యూట్యూబ్‌లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక తండ్రీ చిన్నకూతురి వీడియో మీద నలుగురు మగవాళ్లు లైవ్‌లో అశ్లీలంగా నవ్వుకున్నారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని బయటపెట్టి, పిల్లల ఫోటోలు, వీడియోలు పెట్టేటప్పుడు జాగ్రత్త అని తల్లిదండ్రులను కోరాడు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, అరెస్టు జరిగింది. అందులో ఏఐ ఏమీ లేదు. అయినా ఆ వారమంతా నేను చదివిన కామెంట్లలో సగం, "అసలు వీడియో ఎందుకు పెట్టాలి" అని తండ్రిని అడిగినవే. అక్కకు నేను చేసిన ఫోనులోనూ అదే గొంతు ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

చట్టం లేదనలేం. కంప్యూటర్‌తో తయారుచేసినా సరే, నిజం పిల్లలా కనిపిస్తే అది నేరమేనని 2019 సవరణతో పోక్సో చట్టం చెబుతోంది. అలాంటివి దాచుకోవడం, చూడడం కూడా నేరమేనని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది, తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. బాగానే ఉంది. కానీ లాయర్ని కాకపోయినా చదివితే రెండు చోట్ల కాలికి తగులుతుంది. తన డేటాని తానే అందరికీ కనిపించేలా పెట్టుకుంటే ఈ చట్టం దానికి వర్తించదు. పిల్లల విషయంలో 'తాను' అంటే తల్లిదండ్రులు కూడా. అంటే అక్క తెరిచిపెట్టిన ఖాతాలోని ఫోటోని ఎవరైనా ఎత్తుకుపోతే, పెట్టింది మీరే కదా అనే వాదనకు దారుంది. రెండోది, సర్కారు ఏదైనా పథకమో సేవో ఇస్తున్నప్పుడు అనుమతి అడగకుండానే డేటా వాడుకోవచ్చు.

రెండోది మా ఊరికి ఎక్కువ వర్తిస్తుంది. తెలంగాణ సర్కారు బడుల్లో 2023 నుంచి మొహం చూసి హాజరు వేసే యాప్ వచ్చింది. అంగన్‌వాడీలో ఇంటికి తీసుకుపోయే పోషకాహారానికి 2025 జులై నుంచి తల్లి మొహం సరిపోలాలి. హైదరాబాద్‌లో ఫీజులు కట్టే బడిలో అయితే తల్లిదండ్రులు వాట్సాప్ గ్రూపులో యుద్ధం చేస్తారు. ఇక్కడ తిండీ చదువూ ఇచ్చేవాడే మొహం అడుగుతున్నాడు. జనానా స్టూడియో గోడలు ఒకరికి, ఔరంగాబాద్ వరసలు ఒకరికి.

అలాగని ఈ యంత్రాన్ని పూర్తిగా తిట్టలేను. తెలంగాణ పోలీసుల దర్పణ్ అనే యాప్ తప్పిపోయిన పిల్లల ఫోటోల్ని దేశంలోని హోమ్‌లలో ఉన్న పిల్లల ఫోటోలతో పోలుస్తుంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన పిల్లవాడు అస్సాంలో ఒక హోమ్‌లో ఉన్నాడని 2020లో అది గుర్తుపట్టింది. ఐదేళ్లలో ఎంత మారినా. "పిల్లల డేటా ఇంకా కావాలి" అని నేను రాసిన వాక్యంలాంటివి ఎన్నో కలిస్తేనే అది సాధ్యమైంది కూడా. ఆ తల్లి ముందు నిలబడి నేను మెగాఫేస్ గురించి ఏం మాట్లాడతాను?

దిష్టి చుక్కకి కూడా మా వాళ్లు కంప్యూటర్ రూపం కనిపెట్టారు. 2020లో షికాగో విశ్వవిద్యాలయం ఫాక్స్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. ఫోటోలో మన కంటికి తెలియనంత చిన్న మార్పులు చేసి, యంత్రం ఇంకెవరో అనుకునేట్టు చేస్తుంది. నాకు భలే నచ్చింది. ఏడాది తిరిగేసరికి వేరే పరిశోధకులు చూపించారు, కొత్త మోడళ్లు ఆ చుక్కని తుడుచుకుని చూడగలవని. పైగా ఇవాళ ఫోటో పెడితే రేపటి మోడల్ కోసం అది అక్కడే కాచుకుని ఉంటుంది. అమ్మ పెట్టిన చుక్క ముప్పై ఏళ్లుగా అలాగే ఉంది.

చివరికి మా ఇంట్లో తేలింది చాలా మామూలు ఏర్పాటు. అక్క ఖాతాకి తాళం పడింది. నాలుగు వందల మందిలో నలభై మంది మిగిలారు, బావ రూంలోని ఎనిమిది మందీ అందులో ఉన్నారు. బ్యాడ్జి కనిపించే ఫోటోలు పోయాయి. అలాంటి మార్పిడి ఫోటో ఏదైనా బయటికొస్తే ఏం చేయాలో కూడా చెప్పాను. సైబర్ క్రైమ్ పోర్టల్, 1098, ఆపైన టేక్ ఇట్ డౌన్ అనే సేవ. అందులో ఫోటోని ఎవరికీ పంపక్కర్లేదు. ఫోటో నుంచి లెక్కగట్టిన గుర్తు మాత్రమే మన ఫోన్ నుంచి పోతుంది, ఆ సేవలో చేరిన సైట్లు ఆ గుర్తుతో వెతికి తీసేస్తాయి. అక్క కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టింది. బావ అంతా విని అడిగాడు: "మనం తీసేసినం, మంచిగనే ఉంది. మరి బడోళ్లు తీస్కున్న ఫోటో ఎవ్వల దగ్గరున్నది? అడిగినవా?"

అడగలేదు. దసరా సెలవుల ముందు అక్కతో కలిసి బడికి పోయాను. టీచరమ్మ మర్యాదగా కుర్చీ వేసింది. ఆమె హాజరూ అలాగే, తన ఫోన్‌లోనే, తన మొహంతోనే. "మావి గూడ గదాంట్లకే పోతున్నయి సార్. పొద్దున సిగ్నల్ లేకుంటే మేమే ఆ చెట్టు కిందికి పోయి నిలవడాలె. ఏడ దాస్తరో మాకెవ్వలు చెప్పలేదు" అంది. కొట్లాడి తెచ్చుకోవడానికి బస్టాండు ఎదురుగా కొట్టూ లేదు, డబ్బాలు వెతికే మనిషీ లేడు. అడుగుతూ ఒక దరఖాస్తు రాసిచ్చి వచ్చాం. జవాబు ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం అమ్మ ట్రంకు పెట్టె తీసి, బాపు ఉత్తరాల కింద నుంచి ఆ కాగితపు కవరు తెచ్చింది. మేనకోడలు నెగెటివ్‌ని ముందెప్పుడూ చూడలేదు. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "మామా, నీ మొహం నల్లగున్నది. చుక్క తెల్లగున్నది!" వెంటనే అక్క ఫోన్ అందుకుని, దాని మీదికి కెమెరా పెట్టి, ఆగి నన్ను చూసింది. "డాడీకి పంపాల్నా?"

నేను ఏదో అనేలోపే వంటింట్లోంచి అమ్మ అంది: "డాడీకొక్కనికే."